మంచం నుంచి వీల్‌చైర్‌లోకి

పక్షవాతంతో ఎడమ వైపు పడిపోయిన రోగిని మంచం మీద నుంచి వీల్‌చైర్‌లోకి మార్చడం నర్సింగ్ కళాశాల స్కిల్ ల్యాబ్‌లో ఆనాటి పాఠం. గదిలో ఇనుప మంచాలు, సెలైన్ స్టాండ్లు, రోగుల స్థానంలో బొమ్మలు ఉన్నాయి. ఈ పాఠానికి మాత్రం బొమ్మ పనికిరాదు; అది చెప్పినట్టు ముందుకు వంగదు. అందుకే ఒక విద్యార్థిని రోగిగా మంచమెక్కింది.

ఏం చేయబోతున్నారో ముందు రోగికి చెబుతారు. వీల్‌చైర్‌ను బాగా పనిచేసే కుడి పక్కన, కాస్త ఏటవాలుగా మంచానికి ఆనించి, బ్రేకులు వేసి, పాదాలు పెట్టుకునే పలకలు పైకి మడుస్తారు. లేపీ లేపగానే నిలబెట్టరు. ఎక్కువకాలం పడుకున్నవారు ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. మంచం అంచున కూర్చోబెట్టి, కాసేపు మాట్లాడించి చూస్తారు.

పాదాలు నేలకు ఆనాక రోగి ముందుకు వంగాలి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేసరికి నడుం కింది భాగం తేలికపడి లేస్తుంది. నర్సు తన మోకాలిని రోగి ఎడమ మోకాలికి అడ్డుపెట్టి, నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని, "ఒకటి, రెండు, మూడు" అంటుంది. అడుగులు మార్చుకుంటూ తిరగాలే తప్ప నడుం మెలితిప్పకూడదు. పడిపోయిన చేతిని పట్టి లాగితే భుజం కీలు జారే ప్రమాదం ఉంది. రోగి చేతులు నర్సు మెడకు చుట్టుకోనివ్వరు. తూలితే ఇద్దరూ పడతారు.

అసలు నిలబడలేనివారిని మంచానికీ కుర్చీకీ మధ్య నున్నటి పలక వేసి దాని మీదుగా జరుపుతారు. వెన్నుకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే తల పట్టుకున్నవారి మాట మీద ముగ్గురు నలుగురు కలిసి, మెడా నడుమూ ఒకే వరసలో ఉండేలా పక్కకు తిప్పుతారు.

రోగిని చేతులతో ఎత్తేటప్పుడు ఒక్కొక్కరి మీద పడే బరువు సుమారు 16 కిలోలు దాటకూడదని అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ పరిశోధకుడు 2007లో సూచించారు. 60 కిలోల మనిషిని ఇద్దరు పంచుకున్నా తలా 30 కిలోలు పడుతుంది. అందుకే బరువైన రోగులకు లిఫ్టు యంత్రం వాడాలి.

మంచం దిగలేనివారిని సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతారు. పైకి జరపాల్సి వస్తే ఒంటిని ఈడ్వకుండా, కింద పరిచిన దుప్పటి అంచులు ఇద్దరు చెరోవైపు పట్టుకుని జరుపుతారు. చర్మం పరుపుకు రాసుకుంటే పడక పుండ్లు పడతాయి.