నలభై దాటాక క్లిప్పులా?

పళ్లకి క్లిప్పులు వేయించుకోవాలా వద్దా అని తెగ ఊగిసలాడుతున్నా. చిగుళ్లు, ఎముక బాగుంటే వయసు అడ్డం కాదట. క్లిప్పుల తీగ పన్నుని నెట్టిన వైపు ఎముక కరుగుతుంది, వెనకాల కొత్తది పుడుతుంది. పెద్దవాళ్లలో కాస్త నెమ్మది, అంతే. మామూలుగా ఏడాదిన్నర, రెండేళ్లు. తీశాక రిటైనర్ పెట్టుకోకపోతే పళ్లు మళ్లీ పాత చోటికే బయల్దేరతాయి. కనిపించని అలైనర్లున్నాయి గానీ, రోజుకి 20–22 గంటలు పెట్టుకునే ఉండాలి. వేడి టీ తాగాలన్నా తీయాల్సిందే. నా టీల లెక్కకి అది కుదిరే పని కాదు.

"ఇప్పుడేం పెళ్లిచూపులున్నాయే నీకు?" అంటోంది మా అత్తయ్య. అందం కోసం కాదు అత్తయ్యా, కింది వరసలో పన్ను మీద పన్నెక్కి బ్రష్ దూరట్లేదు, గార పేరుకుపోతోంది!

పసుపు వేసిన కూరలకి క్లిప్పులకి వేసే తెల్ల రబ్బరు రింగులు పచ్చబడతాయట. సర్లే. జంతికలు, చెగోడీలు కూడా బంద్ అంటేనే ప్రాణం ఉసూరుమంటోంది. సంక్రాంతి వెళ్లాక అపాయింట్‌మెంట్ తీసుకుంటా.