ఆకాశంలో గుక్కెడు నీళ్లు

శంషాబాద్ నుంచి జిద్దాకు బయలుదేరి రెండు గంటలైంది. విమానం నిండా ఉమ్రా యాత్రికులే. డెబ్బై ఏళ్ల అమ్మీ కిటికీ పక్కన తస్బీహ్ తిప్పుతూ కూర్చున్నారు. పెదవులు ఎండిపోయాయి. నీళ్ల సీసా మాత్రం మూత తీయకుండానే ఒళ్లో ఉంది. కిడ్నీలో రాళ్లున్నాయని, నీళ్లు తగ్గించవద్దని వైద్యులు మరీమరీ చెప్పి పంపారు.

“తాగండి అమ్మీ” అన్నాను.

“తాగితే లేవాలి. లేస్తే వుజూ పోతుంది. ఆ ఇరుకు గదిలో మళ్లీ వుజూ ఎలా చేయను బేటా? జిద్దాలో తాగుతాలే.”

మన పెద్దల్లో చాలామంది ఇలాగే దాహం అణచుకుంటారు. విమానంలోని గాలి ఎలాంటిదో వారికి ఎవరూ చెప్పరు.

విమానం సుమారు 35,000 అడుగుల ఎత్తున సాగుతుంది. అక్కడి పలుచని గాలి మనిషి ఊపిరికి చాలదు. అందుకే దానిని యంత్రాలతో అదిమి, చల్లబరచి లోపలికి పంపుతారు. అయినా లోపలి పీడనం నేలమీద ఉన్నంత ఉండదు. 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండమీద ఉన్నంతే ఉంటుంది. తాయిఫ్ నగరం ఎత్తు సుమారు 6,000 అడుగులు. అంటే జిద్దాలో దిగకముందే మనం తాయిఫ్ కొండలమీద కూర్చుని శ్వాసిస్తున్నట్లే. ఆరోగ్యవంతులకు కొద్దిపాటి అలసట, కడుపుబ్బరం తప్ప పెద్దగా తెలియదు. గుండెజబ్బు, ఆయాసం, తీవ్ర రక్తహీనత ఉన్నవారు మాత్రం ముందే వైద్యుని సలహా తీసుకోవాలి.

గాలి శుభ్రతకు ఏర్పాట్లు బాగానే ఉంటాయి. చాలా విమానాల్లో దాదాపు సగం బయటి గాలి, మిగతా సగం సూక్ష్మక్రిములను సైతం పట్టుకునే వడపోతల గుండా తిరిగి వచ్చే గాలి. గంటకు ఇరవై సార్లకు పైగా లోపలి గాలి మారుతుంది. అసలు ఇబ్బంది పొడిదనం. తేమ సాధారణంగా 20 శాతానికి లోపే. గొంతు, కళ్లు, పెదవులు ఎండేది అందుకే.

ఇదంతా అమ్మీకి మెల్లగా వివరించాను. “ఇహ్రామ్‌కు గానీ, తల్బియాకు గానీ వుజూ షరతు కాదు అమ్మీ. ఈ శరీరం అల్లాహ్ మనకిచ్చిన అమానతు కదా!” అన్నాను. ఆమె కాసేపు మౌనంగా ఉండి, బిస్మిల్లాహ్ అంటూ సీసా మూత తీశారు. తర్వాత రెండుసార్లు లేచారు. ఆ నడక కాళ్ల వాపుకూ మంచిదే. సువాసన లేని వాజిలిన్ పెదవులకు రాసుకున్నారు.

మీఖాత్ సమీపిస్తోందని ప్రకటన వినిపించింది. సంకల్పం చేసుకున్నాం. విమానం కిందికి దిగుతుండగా చెవులు దిబ్బడ వేశాయి. ముందు వరుసలో పసిపాప గుక్కపట్టి ఏడ్చింది. “పాలివ్వు బేటీ, మింగితే చెవులు తెరుచుకుంటాయి” అన్నారు అమ్మీ. పాప శాంతించింది.

లబ్బైక్ స్వరాలు వరుస వరుసకూ పాకాయి. అమ్మీ గొంతు ఆరిపోలేదు. చివరిదాకా స్పష్టంగా వినిపించింది.