గర్భసంచి తీయించుకునే ముందు

ఆంధ్రప్రదేశ్‌లోని మా ఊరు కనిగిరిలో పెద్దమ్మల తరంలో నలభై ఏళ్లు నిండకుండానే గర్భసంచి తీయించుకున్నవాళ్లు చాలామంది. "ఒకటే పొత్తికడుపు నొప్పి. పిల్లలు పుట్టారు కదా, ఇంకా అదెందుకన్నారు" అని చెప్పేవారు. ఆ నొప్పి ఎందుకొచ్చిందో మాత్రం ఒక్కరికీ తెలియదు.

ఇంగ్లండ్ వచ్చాక నాకూ నెలసరికీ నెలసరికీ నడుమ నొప్పి మొదలైంది. ఇక్కడి డాక్టరమ్మ ముందు ప్రశ్నలు వేసింది. ఏ తేదీన వస్తోంది? ఏ పక్కన? మూత్రంలో మంట ఉందా? తెల్లబట్ట వాసన వస్తోందా? భర్తతో కలిసినప్పుడు నొప్పిగా ఉంటుందా? కొన్ని నెలలు తేదీలు రాసుకుని రమ్మంది. రాసుకుంటే సంగతి తేలింది. నెలసరికి సుమారు రెండు వారాల ముందు, ఒక నెల కుడిపక్క, ఇంకో నెల ఎడమపక్క వచ్చి, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతోంది. అండం విడుదలయ్యేటప్పుడు కొందరికి వచ్చే నొప్పి అది. హాని లేదు.

అందరిదీ అదే కాదు. అండాశయంలో నీటిబుడగ, గర్భసంచిలో గడ్డలు, లోపలి ఇన్ఫెక్షన్, మూత్రనాళంలో రాయి, పేగుల జబ్బు, వీటిలో ఏదైనా కావచ్చు. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికి ఇంగ్లండులోనూ సగటున ఎనిమిదేళ్లకు పైగా పడుతోంది. నొప్పి ఉన్నట్టుండి విపరీతమైనా, జ్వరం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, నెల తప్పి నొప్పి వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇన్ని కారణాలున్న నొప్పికి మన దగ్గర ఒకటే ఆపరేషన్ ఎందుకు చేస్తున్నారు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లోనూ, 2019-21లోనూ ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తమ్మీద చూస్తే 3 మందికే. అనవసరపు ఆపరేషన్లు ఆపే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

మూత్రనాళంలో రాయి ఉంటే గర్భసంచి తీసినా నొప్పి పోదు. ఇన్ఫెక్షన్ అయితే మందులతోనే తగ్గొచ్చు. గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ముట్లుడిగే దశ ముందే వచ్చిపడుతుంది, ఎముకలు పలచబడతాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు పట్టేసినవాళ్లున్న కనిగిరి పల్లెల్లో ఆ భారం ఇంకెంత!

ఆపరేషన్ తప్పనివాళ్లూ ఉంటారు, నేను కాదనను. ఊళ్లో ఉన్న మా వదినలకూ మేనకోడళ్లకూ ఫోన్లో నేను చెప్పేదొకటే. నొప్పి వచ్చిన తేదీలు రాసుకోండి, ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. సంతకం పెట్టే ముందు మూడు మాటలు అడగండి: ఈ నొప్పి దేనివల్ల? మందులతో తగ్గే దారి ఉందా? అండాశయాలు ఉంచుతారా? జవాబు సరిగా రాకపోతే ఒంగోలు వెళ్లి ఇంకో డాక్టరుకు చూపించుకోండి. అలా అడగడం పొగరు కాదమ్మా, మీ హక్కు.