ఉండి నుంచి బందరు దాకా... నీళ్లు చెప్పే సైన్సు

చుట్టూ చెరువులు, పక్కనే కొల్లేరు. హైస్కూలు సైన్సు పుస్తకంలో ఉండే సగం పాఠాలు అక్కడ గట్టుమీద నిలబడితే కనిపిస్తాయి. ఆ పాఠాన్ని ఈ ప్రాంతానికి తెచ్చినవాటిలో మిషన్ బడులూ ఉన్నాయి. పేదింటి పిల్లల చేతికి గాజు గొట్టం అందించిన ఆ బడుల కథ తెలియాలంటే ఉండిలో రైలెక్కాలి.

భీమవరం దాటి ఆకివీడు వైపు వెళ్తుంటే వచ్చే చిన్న స్టేషన్ ఉండి. ఒక పక్క వరిచేలు, మరో పక్క చేపల చెరువులు, గట్లమీద కొబ్బరిచెట్లు. చెరువుల్లో గిరగిరా తిరుగుతూ నీళ్లు చిమ్మే ఏరేటర్లు. కాలువలో పారేది గోదావరి నీరు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట చలవ అది. చేపల పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం రెండూ ఈ ఊళ్లోనే ఉన్నాయి. అంటే ఇక్కడ సైన్సు పరీక్షల కోసం చదివేది మాత్రమే కాదు, అన్నం పెట్టేది కూడా!

బందరులో తొలి గంట

ఇదే రైలుమార్గం ఆకివీడు, కైకలూరు మీదుగా గుడివాడ చేరుతుంది. అక్కడి నుంచి ఒక శాఖ బందరు వెళ్తుంది. ఈ ప్రాంతపు మిషన్ చదువుల కథ ఆ చివర మొదలైంది. చర్చి మిషనరీ సొసైటీ తరఫున 1841లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843 నవంబరులో బందరులో ఇంగ్లిషు బడి తెరిచాడు. 1865లో కన్నుమూసేదాకా ఆ ఊరు విడిచిపెట్టలేదు. ఆ బడే పెరిగి నోబుల్ కాలేజీ అయింది.

అయితే ఆ బడి తలుపులు అందరికీ తెరుచుకోలేదు. పెద్దకులాల పిల్లలు రావాలన్న ఉద్దేశంతో నోబుల్ మొదట్లో దళితుల పిల్లలను చేర్చుకోలేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకోవడంతో తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. బడి దాదాపు ఖాళీ అయిపోయింది. తరగతి గదిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది ఆనాడు పాఠం కన్నా పెద్ద సమస్య!

ఆకివీడుకు వచ్చిన కెనడా దొరలు

ఉండి పక్కనున్న ఆకివీడుది మరో కథ. కెనడా బాప్టిస్టు మిషనరీ జాన్ క్రెయిగ్ 1880లో అక్కడ మకాం పెట్టాడు. కాకినాడలో మెక్లారిన్ హైస్కూలుకు పేరిచ్చిన జాన్ మెక్లారిన్ కూడా ఆ మిషన్ మనిషే. వీళ్ల సంఘాల్లో చేరినవాళ్లు ఎక్కువగా దళితులు. అందుకే బడి కూడా పేటలోకే వెళ్లింది. అక్షరాలు నేర్చిన పిల్లలు అక్కడి నుంచి హాస్టలుకు, హాస్టలు నుంచి హైస్కూలుకు నడిచారు.

సైన్సు గదికి ఒక గుణం ఉంది. అక్కడ వినడంతో సరిపోదు, ముట్టుకోవాలి. ఒకరు బీకరు పట్టుకుంటే ఒకరు నీళ్లు పోయాలి. మంచినీళ్ల బావి దగ్గరికి రానివ్వని రోజుల్లో ఒకే గాజు గొట్టం నలుగురి చేతులు మారడం చిన్న సంగతి కాదు. మిషన్ హైస్కూళ్లు ఈ ప్రాంతానికి ఇచ్చిన అసలు కానుక ఇదే. ఆడపిల్లలకు దారి కాస్త ఆలస్యంగా దొరికింది. ఏలూరులో సెయింట్ థెరెసా మహిళా కళాశాల 1953లో మొదలయ్యాక హైస్కూలు దాటిన అమ్మాయిలకు దగ్గర్లోనే పైచదువు అందుబాటులోకి వచ్చింది.

గట్టుమీద ప్రయోగశాల

హైస్కూలు జీవశాస్త్రంలో పాతకాపులాంటి ప్రయోగం ఒకటుంది. బీకరు నీళ్లలో హైడ్రిల్లా మొక్క పెడతారు. దానిమీద గరాటు బోర్లిస్తారు. గరాటు కాడమీద నీళ్లు నింపిన పరీక్షనాళిక నిలబెట్టి ఎండలో ఉంచుతారు. కాసేపటికి బుడగలు లేస్తాయి. నాళికలో చేరిన వాయువులో నిప్పురవ్వ ఉన్న పుల్ల పెడితే భగ్గున మండుతుంది. అది ఆక్సిజన్!

ఉండి చుట్టుపక్కల పిల్లలకు ఈ ప్రయోగం ఇంటి సంగతే. చెరువు నీళ్లలోని సన్నటి పచ్చనాచు పగలంతా ఎండలో చేసేది ఇదే పని. రాత్రి ఎండ ఉండదు కాబట్టి ఆక్సిజన్ తయారు కాదు. నాచు, చేపలు అన్నీ కలిసి ఉన్నదాన్ని వాడేసుకుంటాయి. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. శీలావతి, బొచ్చె పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. లీటరు నీటిలో ఐదు మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చేపకు హాయి. రెండు, మూడుకు పడిపోతే ప్రాణం మీదికొస్తుంది. మబ్బు పట్టిన రోజు రైతు నిద్రపోకుండా ఏరేటర్లు వేసేది ఇందుకే. చెరువు మీద కాపలా ఉండే కూలీ కూతురికి కిరణజన్య సంయోగక్రియ అర్థమైతే, నాన్న ఎందుకు రాత్రిళ్లు ఇంటికి రాడో కూడా అర్థమవుతుంది.

నత్రజని, భాస్వరం ఇక్కడి ప్రతి రైతుకూ తెలిసిన మాటలు. భాస్వరం పేరెత్తితే భీమవరాన్ని తలుచుకోవాల్సిందే. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో ఫిస్కేతో కలిసి భాస్వరం పాళ్లను నీలిరంగు గాఢతతో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. చెరువు నీళ్ల పరీక్షల్లో రంగు చూసి లెక్క చెప్పేదీ ఇలాంటి సూత్రంతోనే.

పుస్తకంలోంచి వెళ్లిపోయిన కొల్లేరు

2014లో వచ్చిన పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో ‘మన పర్యావరణం’ పాఠం ఉండేది. అందులో కొల్లేరు కథ చెప్పారు. సరస్సును చెరువులు ఎలా ఆక్రమించాయో పటాలతో సహా చూపించారు. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించడం, 2002లో రామ్‌సార్ గుర్తింపు రావడం, 2006లో అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టడం... ఇవన్నీ ఇక్కడి కుటుంబాలు కళ్లారా చూసినవే. కొందరికి పక్షులు తిరిగొచ్చాయన్న సంతోషం, కొందరికి బతుకుతెరువు పోయిందన్న బాధ. అలాంటి కథను పదో తరగతి పిల్లలు తరగతిలో చర్చించుకోవడం మంచి అవకాశం.

2024-25 నుంచి రాష్ట్రంలో పదో తరగతికి ఎన్సీఈఆర్‌టీ పుస్తకాలు వచ్చాయి. పర్యావరణం పాఠం ఉంది కానీ, కొల్లేరు లేదు. ఇక ఆ కథ చెప్పాల్సింది మాస్టారే. మరి మాస్టారు ఉండాలి కదా! మిషన్ హైస్కూళ్లు చాలావరకు ప్రభుత్వ గ్రాంటు మీద నడిచే ఎయిడెడ్ బడులు. ఈ గ్రాంటు పద్ధతికి మూలం 1854 నాటి చార్లెస్ వుడ్ విద్యా పత్రం. 2021లో ఎయిడెడ్ సంస్థలను సర్కారు అప్పగించమన్నప్పుడు విద్యార్థులు, తల్లిదండ్రులు రోడ్డెక్కారు. చివరకు నిర్ణయం యాజమాన్యాలకే వదిలారు. ఏ బడి ఎవరి చేతిలో ఉన్నా, సైన్సు టీచరు ఖాళీ అయితే మొదట మూతపడేది ప్రయోగశాల. గాజుసామాను బీరువాలోకి వెళ్తుంది. గైడు బయటికొస్తుంది. భౌతికశాస్త్రానికి యాభై, జీవశాస్త్రానికి యాభై మార్కులు బట్టీతోనూ తెచ్చుకోవచ్చు. కానీ, ఒకప్పుడు కష్టపడి సంపాదించుకున్న ఆ గాజు గొట్టం మాత్రం చేతికి రాదు.

వెళ్లాలంటే...

భీమవరం నుంచి ఉండి, ఆకివీడు మీదుగా కైకలూరు వెళ్లడానికి రైళ్లు, బస్సులు ఉన్నాయి. కైకలూరు పక్కనే ఆటపాక. చలికాలంలో అక్కడ పడవ మీద తిరుగుతూ గూడబాతులను దగ్గర్నుంచి చూడొచ్చు. హైస్కూలు చదివే పిల్లలుంటే ఒక పీహెచ్ కాగితాల పుస్తకం కొనివ్వండి. కాలువ నీరు, చెరువు నీరు, ఇంట్లో కుళాయి నీరు... మూడింట్లో ముంచి రంగులు పోల్చమనండి. పాఠం వాళ్లే చెబుతారు.