ఎడమచేయి

20 ఏండ్లుగా పిల్లలచేత అక్షరములు దిద్దించుచున్న నేను, 46వ యేట మరల ఓనమాలు దిద్దుకొనవలసి వచ్చినది. దానికి కారణ మొక కిటికీ.

వానకు బిగిసిపోయిన కిటికీ తలుపును కుడిచేతితో బలముగా త్రోసితిని. అద్దము పగిలి, చూపుడు వ్రేలును నడిమి వ్రేలును మొదటికడ లోతుగా తెగినవి. నెత్తురు చూచి మా యత్తగారు కాఫీపొడి డబ్బా తెచ్చిరి. నా భార్య యామెను వారించి, ఉదికిన బట్టను గాయముపై నదిమిపట్టి నన్ను ఆసుపత్రికి నడిపించినది. అట్టి పొడులవలన గాయము మలినమగుటయే గాని మేలు లేదని వైద్యులును చెప్పిరి.

నొప్పికంటె నన్ను భయపెట్టినది వేరొకటి. వంగుమని మనస్సు ఆజ్ఞాపించినను వ్రేళ్లు వంగలేదు. వ్రేళ్లను వంచు బలమైన కండరములు వ్రేళ్లలో లేవట. ముంజేతిలో నుండి, స్నాయుబంధనములను త్రాళ్లతో వానిని లాగునట. త్రాడు తెగినచో దాని కొన అరచేతిలోనికి జారిపోవును. శస్త్రవైద్యులు దానిని వెదకి పట్టి, సన్నని దారముతో అతికిరి. చూపుడు వ్రేలి స్పర్శనాడిని గూడ కుట్టిరి. ఆ నాడి దినమునకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే మరల పెరుగును.

కుట్టు ముగిసినది గనుక చేయి బాగైనదని తలంచితిని. అసలు చదువు అప్పుడే మొదలైనది. చేతికి వ్యాయామము నేర్పుటకు వచ్చిన ఫిజియోథెరపిస్టు నా శిష్యురాండ్ర యీడుది. "కదపకపోతే అతుక్కుపోతుంది మాస్టారూ, తొందరపడితే తెగిపోతుంది" అని మొదటి దినముననే హెచ్చరించినది. 6 వారములు చేతివెనుక బద్దకట్టు. 12 వారములవరకు బరువెత్తరాదు. గంటగంటకు ఎడమచేతితో కుడిచేతి వ్రేళ్లను మెల్లగా మడిచి, బద్ద తాకువరకు మరల చాపవలెను. నా కుడిచేతికి ఎడమచేయియే గురువైనది.

ఆ చేతితోనే భుజించితిని. ఒక పెండ్లి పంక్తిలో దానిని చూచి ప్రక్కవారు మొగము త్రిప్పుకొనిరి. నాకు కోపము వచ్చినది. కాని యా కోపము బడిలో అడుగిడినంతనే సిగ్గుగా మారినది. ఎడమచేత సుద్దముక్క పట్టి నల్లబల్లపై వ్రాయగా అక్షరములు వంకరలు పోయినవి. తరగతి నవ్వినది. మూడవ బల్లపై నున్న యొక బాలుడు మాత్రము నవ్వలేదు.

వాడు పుట్టుకతో ఎడమచేతివాటము వాడు. రెండేండ్లక్రిందట వాని యెడమచేతినుండి కలము లాగి కుడిచేత బెట్టి, "పుర్రచేతి పండితుడు" అని పదిమందిలో నేనే నవ్వించితిని. 2009 నాటి విద్యాహక్కు చట్టము దెబ్బనే కాక, మనస్సును వేధించుటను గూడ నిషేధించినది. బెత్తము పట్టలేదు గనుక నేను నిర్దోషి ననుకొంటిని!

బడి విడిచిన పిదప వాడు నాకడకు వచ్చి, "కాగితం పైఅంచు కుడివైపుకు వాల్చండి మాస్టారూ, అప్పుడు చెయ్యి అక్షరాలమీద పడదు" అని చూపెను. వాని చేయి కాగితముపై తడుముకొనకుండ సాగినది. ఇంటికడ దాచి వ్రాసికొనుచు నేర్చిన నేర్పు అది.

మరునాడు తరగతియెదుట, ఏ మాటతో వానిని నవ్వులపాలు చేసితినో ఆ మాట చెప్పి, క్షమింపుమని వాని నడిగితిని. వాడు తల వంచుకొనెను, ఏమియు పలుకలేదు. క్షమించెనని నేను చెప్పజాలను. కాని యా దినమునుండి వాని కలము ఎడమచేతిలోనే యున్నది.

ఇప్పుడైదవ మాసము. కుడిచేత సుద్దముక్క నిలుచుచున్నది. చూపుడు వ్రేలు అరచేతిని పూర్తిగా తాకదు. దాని కొన యింకను మొద్దుబారియున్నది.

నూటికి పదిమందివరకు ఎడమచేతివాటమువారే పుట్టుదురు. శౌచము నీటిలోను సబ్బులోను కలదు గాని, కుడియెడమలలో లేదు. చదువరులారా! మీ యింట ఎడమచేత ముద్ద యెత్తు బిడ్డ యున్నచో, ఆ చేయి కడిగించి ఊరకుండుడు. ఇంత చిన్న పాఠము నేర్చుటకు నాకు రెండు వ్రేళ్లు తెగవలసి వచ్చినది.