తెరవని పుస్తకాలకు జకాత్

మా చెల్లెలి పెద్దకొడుకు అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని ఇర్వింగ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2021 వేసవిలో ఒకనాడు నేను ఇషా నమాజు ముగించి ఇంటికి రాగానే ఫోన్ చేశాడు. క్షేమసమాచారాలు అయ్యాక, "మామూ, ఒక మస్‌అలా అడగాలి" అన్నాడు. అక్కడ పాత కామిక్ పుస్తకాలు కొని, ధర పెరిగాక అమ్ముతారట. అందులో వడ్డీ లేదు, అప్పు లేదు. రొక్కం ఇచ్చి వస్తువు తీసుకోవడం, తరువాత దానిని మరొకరికి అమ్మడం. ఇది ధర్మసమ్మతమేనా అన్నది అతని ప్రశ్న.

నేను ముప్పై ఏళ్ళుగా మదరసాలో ఖుదూరీ, హిదాయా బోధిస్తున్నాను. క్రయవిక్రయాల అధ్యాయం ఏటా ఒకసారి మొదటినుంచి చివరివరకు చెబుతాను. వస్తువు నీ చేతికి వస్తుందా, అది అమ్మేవాని స్వంతమేనా, ధర ముందే నిర్ణయమవుతుందా అని అడిగాను. అన్నిటికీ అవునన్నాడు. మరి అందులోని బొమ్మల మాటేమిటి అన్నాను. "వాటిని మేము తెరవము మామూ. గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి ఉంటాయి. చదవడానికి కాదు" అన్నాడు. ఆ జవాబు నాకు వింతగా తోచింది. మా మదరసాలోని ఖుదూరీ ప్రతులకు అంచులు నలిగిపోయి, అట్టలు ఊడిపోయి, ఏటా పిండిజిగురుతో అతికించుకుంటూ ఉంటాము. ఎవరూ తెరవని పుస్తకాన్ని పుస్తకం అనవచ్చునా అనిపించింది. అయినా ఆ ఆలోచనను సాగనివ్వక, బేరం వరకు తప్పు కనిపించడం లేదని చెప్పి ఫోన్ పెట్టేశాను. అంతా కలిపి ఐదు నిమిషాలు పట్టి ఉండదు. ఎంత సొమ్ము పెడుతున్నావని అడగలేదు. ఆ సొమ్ము దేనికోసం దాచినదని అసలే అడగలేదు.

అది ఇంటికోసం దాచిన సొమ్ము. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలకు ఇల్లు కొనుక్కోవడం ఒక పెద్ద పరీక్ష. బ్యాంకులు ముప్పై ఏళ్ళ వడ్డీ అప్పు ఇస్తాయి, తోటివారు చాలామంది ఆ దారినే గృహప్రవేశం చేస్తారు. అది వద్దనుకున్నవాడు ఒకపక్క అద్దె కడుతూ మరోపక్క రొక్కం కూడబెట్టాలి. మావాడు ఐదేళ్ళు అలాగే కూడబెట్టాడు. ఇళ్ళ ధరలు మాత్రం అతని పొదుపు కన్నా వేగంగా పరుగెత్తాయి. 2020లో కరోనా వల్ల లోకమంతా ఇళ్ళలో బందీ అయినప్పుడు, ఈ పుస్తకాల ధరలు నెలనెలా ఎగబాకడం అతని కంట పడింది. వడ్డీ తగలకుండానే త్వరగా ఇంటిదాకా చేరవచ్చుననుకున్నాడు. నా ఐదు నిమిషాల జవాబు విన్న తరువాత 31,000 డాలర్లు తీసి వాటిలో పెట్టాడు.

ఈ సంగతి నాకు 2023 రమజాన్‌లో తెలిసింది. తరావీహ్ ముగిసి కూర్చున్న వేళ అతని ఫోన్ వచ్చింది. "మామూ, జకాత్ లెక్క వేస్తున్నాను. ఆ కామిక్ పుస్తకాల మీద కూడా ఇవ్వాలా?"

దీనికి జవాబు కష్టమైనదేమీ కాదు. మనిషి చదువుకోవడానికి ఉంచుకున్న పుస్తకాలపై జకాత్ లేదు. అమ్మాలనే నియ్యత్‌తో కొన్నది వ్యాపారపు సరుకు. ఏడాది నిండిన నాటి బజారు ధర కట్టి, అందులో నూటికి రెండున్నర ఇవ్వాలి. "కొన్ననాడు నీ నియ్యత్ ఏమిటి?" అని అడిగాను. "అమ్మడమే" అన్నాడు. "అయితే ఈనాటి ధర ఎంత?" అన్నాను. అవతలినుంచి చాలాసేపు మాట లేదు. చివరకు, "ఏ ధర మామూ?" అన్నాడు.

ధరల పట్టికలో వాటి విలువ 22,000 డాలర్లు. అటువంటి ప్రతులే ఆ నెలలో నిజంగా అమ్ముడైన ధరలు కూడితే 15,000. వాటిని మూటగట్టి దుకాణదారు వద్దకు తీసుకుపోతే అతడు ఇస్తానన్నది 9,000. ఒకే సరుకుకు ఒకే రోజున మూడు ధరలు! ఖర్జూరాలకో గోధుమలకో ఇంత తేడా ఉండదు. ఇది ఎలాంటి సరుకో చెప్పు అన్నాను. ఆ రమజాన్‌లో దాదాపు ప్రతి రాత్రీ అతడు చెబుతూ వచ్చాడు, నేను వింటూ వచ్చాను. రెండేళ్ళ క్రితం అడగవలసినవన్నీ అప్పుడు అడిగాను.

ఈ వ్యామోహానికంతటికీ మూలం 1938 జూన్ నెల తేదీతో వెలువడిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక. సూపర్‌మ్యాన్ అనే కల్పిత వీరుడు అందులోనే మొదటిసారి కనిపించాడు. వెల పది సెంట్లు. దాదాపు రెండు లక్షల ప్రతులు అచ్చు వేశారు. నేడు లోకంలో మిగిలినవి వంద వరకు ఉంటాయని అంచనా. వాటిలో ఒకటి 2010లో పది లక్షల డాలర్లకు, మరొకటి 2014లో 32 లక్షల డాలర్లకు, ఇంకొకటి 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడయ్యాయి. పత్రికలు ఈ అంకెలనే పెద్ద అక్షరాలతో వేస్తాయి. మిగతా ప్రతులు ఏమయ్యాయన్నది ఎవరూ వేయరు. పిల్లలు చదివి చింపివేశారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కాగితం సేకరణ జరిగినప్పుడు బండ్లకెక్కాయి. కామిక్స్ పిల్లలను చెడగొడుతున్నాయని ఆందోళన లేచిన రోజుల్లో కొన్ని ఊళ్ళలో కుప్పలు పోసి తగలబెట్టారు. 1954లో అమెరికా సెనేట్ ఉపసంఘమే దీనిపై విచారణ జరిపింది. ఇవన్నీ తప్పించుకున్నవాటిని తల్లులు ఇల్లు సర్దుతూ పారవేశారు.

మా అమ్మీ కూడా అంతే. మా అబ్బా నాకోసం తెచ్చిన చందమామలు అటకమీద ఒక ట్రంకుపెట్టె నిండా ఉండేవి. నేను చదువుకోసం ఊరు విడిచి వెళ్ళిన ఏడాది, పాత కాగితాల బండివానికి తూకానికి వేసి, వచ్చిన డబ్బుతో ఉల్లిపాయలు కొన్నది. నాకు బాధ కలిగింది కానీ, ఆమె చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆ పుస్తకాల పని అప్పటికి అయిపోయింది.

అరుదుదనం అలా పుట్టింది. దానిని ఎవరూ తయారు చేయలేదు. 1977లో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఒక ఇంట వేలకొద్దీ పాత కామిక్ పుస్తకాలు కొత్తవాటిలా బయటపడ్డాయి. వాటిని దాచిన ఎడ్గార్ చర్చ్ అనే ఆయన వ్యాపార ప్రకటనలకు బొమ్మలు వేసే చిత్రకారుడు. తన పనికి పనికివస్తాయని కొన్నాడే తప్ప అమ్మడానికి కాదు.

1990 ప్రాంతానికి అందరికీ ఈ అంకెలు తెలిసిపోయాయి. ఇక పారవేసేవాడు ఎవడు? ప్రతివాడూ దాచడం మొదలుపెట్టాడు. ప్రచురణకర్తలు కూడా దాచుకునేవారి కోసమే అచ్చు వేయసాగారు. 1991లో మార్వెల్ సంస్థ ఎక్స్-మెన్ మొదటి సంచికను ఐదు వేర్వేరు ముఖచిత్రాలతో తెచ్చింది. నాలుగు ముఖచిత్రాలను పక్కపక్కన పెడితే ఒక పెద్ద బొమ్మ అవుతుంది. ఆ బొమ్మ మొత్తం మడత అట్టగా ఉన్నది ఐదవది. కథ మాత్రం అన్నింటిలోనూ ఒకటే! 80 లక్షలకు పైగా ప్రతులు పోయాయి. ఒకే సంచిక అమ్మకాలలో గిన్నిస్ పుస్తకం దానినే అగ్రస్థానంలో నిలిపింది. మరుసటి ఏడాది నవంబరులో డి.సి. సంస్థ తన సూపర్‌మ్యాన్‌ను చంపివేసింది. ఆ 75వ సంచికను నల్లని ప్లాస్టిక్ సంచిలో మూసి, లోపల సంతాప సూచకంగా చేతికి కట్టుకునే నల్లపట్టీ కూడా పెట్టి అమ్మారు. సంచి చింపితే విలువ పోతుంది, చింపకపోతే చదవడానికి లేదు. కనుక జనం రెండేసి కొన్నారు. అరవై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. మరుసటి ఏడాదే ఆ వీరుడు మళ్ళీ బ్రతికి వచ్చాడు. ఆ నల్ల సంచులు ఇప్పటికీ ఎన్నో అమెరికా ఇళ్ళ అటకలమీద భద్రంగా ఉన్నాయి. చేయి చాపితే కొద్ది డాలర్లకు దొరుకుతాయి.

ఇక్కడ మావాడు చెప్పిన ఒక వివరం నన్ను చాలా ఆలోచింపజేసింది. "అమ్ముడయ్యాయి" అన్న మాటకు ఆ వర్తకంలో అర్థం వేరు. ప్రచురణకర్త నుంచి దుకాణానికి చేరితే అమ్ముడైనట్లే. మన ఊళ్ళో వారపత్రిక మిగిలితే ఏజెంటు తిరిగి పంపుతాడు. అక్కడి కామిక్ దుకాణాలకు ఆ వీలు లేదు. తగ్గింపు ధరకు ఇస్తారు, మిగిలితే నష్టం దుకాణదారుదే. కనుక 80 లక్షలంటే 80 లక్షలమంది పాఠకులని కాదు. వాటిలో ఎన్నో పెట్టెలు దుకాణాల వెనుక గదుల్లోనే ఉండిపోయాయి. ఆ దశాబ్దం నడుమకు వచ్చేసరికి వేలాది దుకాణాలు మూతపడ్డాయి. 1996 డిసెంబరులో మార్వెల్ సంస్థ స్వయంగా దివాలా దరఖాస్తు పెట్టుకున్నది. దానికి అప్పుల భారం వంటి వేరే కారణాలూ ఉన్నాయి. అంత జరిగినా ఈ పద్ధతి పోలేదు. నేటికీ ఒక అరుదైన ముఖచిత్రం ఉన్న ప్రతి ఒక్కటి కావాలంటే దుకాణదారు మామూలు ప్రతులు పాతికో, వందో తెప్పించుకోవాలి. వంద పడి ఉండటం వల్ల ఒకటి అరుదవుతుంది. మావాడి పెట్టెలో అటువంటివి ఏడు ఉన్నాయి.

"ఇదంతా తెలిసి నీవెలా దిగావు?" అని అడిగాను. తాను దిగింది పాత పుస్తకాలలోకని, వాటిని ఇక అచ్చు వేయలేరు కదా అన్నాడు. ఆ మాటలో కొంత నిజముంది. కానీ 2000లో మొదలైన గ్రేడింగ్ సంస్థ ఒకటి ఈ పాతవాటికి కూడా కొత్త అరుదుదనాన్ని ఇచ్చింది. వారు పుస్తకాన్ని పరీక్షించి, పదికి ఇన్ని అని మార్కులు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో మూసివేస్తారు. 9.6కూ 9.8కూ కంటికి తేడా తెలియదు, ధర మాత్రం ఎన్నో రెట్లు మారుతుంది. వేలాదిగా ఉన్న పుస్తకంలో 9.8 ప్రతులు మాత్రం కొన్నే. కొన్నవాడు కాగితానికి కాక ఆ మార్కుకు వెల కడుతున్నాడు.

ఇక దానికి తోడు సినిమా వార్తలు. 1976లో జాక్ కిర్బీ రచించి చిత్రించిన ఎటర్నల్స్ మొదటి సంచిక వెల పాతిక సెంట్లు. దశాబ్దాలపాటు దానిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ కథను సినిమాగా తీస్తున్నారనగానే ధర లేచింది. సినిమా 2021 నవంబరులో విడుదలైంది, ధర పడిపోయింది. మావాడు కొన్నది ఆ వేసవిలో, అంటే ఆశ నిండుగా ఉన్న రోజుల్లో. కథ బాగుందో లేదో అతనికి ఇప్పటికీ తెలియదు. మూడు ప్రతులు కొన్నాడు, ఒక్క పుట చదవలేదు.

ఒక ఇంటర్నెట్ వేలంలో తనకు పోటీగా పాట పెంచినవారు అమ్మేవాని మనుషులేనేమోనన్న అనుమానం అతనికి ఉంది. రుజువు లేదు. కొనే ఉద్దేశం లేకుండా పాట పెంచడాన్ని నజ్ష్ అంటారు, దైవప్రవక్త (స) దానిని నిషేధించారు. ఈ పాఠం నేను ప్రతి ఏడాదీ చెప్పేదే. ఇన్నేళ్ళూ ఉదాహరణగా ఒంటెను, గొర్రెను చెబుతూ వచ్చాను.

చివరకు లెక్కకు వచ్చాము. పట్టికలోని ధర కోరిక మాత్రమే, దుకాణదారు చెప్పినది అతని లాభం తీసివేసిన మాట. బజారులో నిజంగా పలుకుతున్నది 15,000. దానిపై 375 డాలర్లు ఇవ్వమన్నాను. సరేనన్నాడు. అప్పుడు నేను, "నిరుడు ఎంత ఇచ్చావు?" అని అడిగాను.

నిరుడు ఇవ్వలేదు. అమ్మలేదు కదా, చేతికి డబ్బు రాలేదు కదా అనుకున్నాడట. 2022 రమజాన్ నాటికి ఎటర్నల్స్ పడిపోయినా మిగిలినవి ఇంకా నిలబడే ఉన్నాయి. మొత్తం సరుకు బజారులో 36,000 పలుకుతోంది. ఇవ్వని జకాత్ కాలంతో కరగదు, అది మెడమీద అప్పుగా ఉంటుంది. మరి ఏ రోజు ధర ప్రకారం తీర్చాలి? ఇమామ్ అబూ హనీఫా మతం ప్రకారం విధి అయిన నాటి ధర, ఆయన శిష్యులిద్దరి మతం ప్రకారం చెల్లించే నాటి ధర. అంటే ఎన్నడూ చేతికి రాని 36,000 మీద 900 డాలర్లు, లేదా ఇప్పటి 15,000 మీద మరో 375. ఈ అభిప్రాయభేదాన్ని నేను ఎందరో విద్యార్థులకు నిశ్చింతగా వల్లె వేయించాను. ఆ రాత్రి దానిని చెప్పడానికి నా నోరు తడబడింది. నీవు నావల్ల ఇందులో దిగావు, కనుక ఈ ఒక్క మాట నేను చెప్పను, అక్కడి ముఫ్తీగారిని అడుగు అన్నాను.

అడిగాడో లేదో తెలియదు. రెండు రోజుల తరువాత 900, 375 కలిపి 1,275 డాలర్లు వేరు చేశానని, మీ మదరసాకు పంపనా అని అడిగాడు. మాకు వద్దని, అక్కడే ఎవరైనా అర్హులను వెతకమని చెప్పాను.

ఆగస్టులో సరుకంతా అమ్మివేశాడు. 11,400 వచ్చాయి. ఎవరూ కొనని ఆ ఏడు ముఖచిత్రాల పుస్తకాలు అతని దగ్గరే ఉన్నాయి. ఇటీవల మా చెల్లెలు వచ్చినప్పుడు, కొడుకు చెప్పడం లేదు గానీ నీకు తెలిసే ఉంటుంది అంటూ, "ఇల్లు ఎప్పటికి కొంటాడు భాయ్?" అని అడిగింది. ఇంకో నాలుగేళ్ళు పట్టవచ్చునన్నాను.