సంతోషానికి కూడా సాక్ష్యం కావాలి

పోయిన శనివారం ఒక యూనివర్సిటీ హాస్టల్లో పిల్లలు గోడకు తెల్ల దుప్పటి కట్టి సినిమా వేశారు. అయ్యాక నన్ను మాట్లాడమన్నారు. సినిమా పేరు 'సమ్మర్ ఆఫ్ సోల్'. 2021లో వచ్చిన డాక్యుమెంటరీ. క్వెస్ట్‌లవ్ అని అందరూ పిలిచే డ్రమ్మర్ అమీర్ థాంప్సన్ తీశాడు. ఆస్కార్ కూడా వచ్చింది. నేను అంతకుముందే రెండుసార్లు చూశాను కాబట్టి ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుపోయాను. కానీ సినిమా అయ్యాక ఒక చెల్లెలు అడిగిన ప్రశ్నకు ఆ కాగితం జేబులోనే ఉండిపోయింది. ఆ ప్రశ్న దగ్గరికి వస్తాను. ముందు సినిమా చూడనివాళ్ళ కోసం సంగతి చెప్పాలి.

1969 అనగానే సంగీతం తెలిసినవాళ్ళు వుడ్‌స్టాక్ అంటారు. ఆగస్టు నెల, న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పాడి రైతు పొలం, నాలుగు లక్షలకు పైగా జనం, వాన, బురద. మన దేశంలో కూడా ఆ పేరు తెలుసు. ఎందుకంటే అక్కడ రవిశంకర్ సితార్ వాయించాడు. స్వామి సచ్చిదానంద ప్రారంభ ప్రసంగం చేశాడు. ఇండియా అంటే ఒక సితారూ ఒక స్వామీ అన్నమాట. అది సరే. మరుసటి ఏడాదికల్లా 'వుడ్‌స్టాక్' సినిమా థియేటర్లకు వచ్చింది. దానికీ ఆస్కార్ వచ్చింది. మూడు రోజుల పండగ ఒక తరానికి గుర్తుగా నిలబడిపోయింది.

అదే ఎండాకాలం, అక్కడికి సుమారు 160 కిలోమీటర్ల దూరంలో, న్యూయార్క్ నగరంలోని హార్లెమ్‌లో ఇంకో పండగ జరిగింది. హార్లెమ్ కల్చరల్ ఫెస్టివల్. నల్లవాళ్ళ పేట మధ్యలో మౌంట్ మోరిస్ పార్కు. ఇప్పుడు దాని పేరు మార్కస్ గార్వీ పార్కు. జూన్ 29 నుంచి ఆగస్టు 24 దాకా ఆరు ఆదివారాలు, ఉచిత ప్రవేశం. అంతా కలిపి మూడు లక్షల మంది వచ్చారని లెక్క. టోనీ లారెన్స్ అనే గాయకుడు నిలబడి నడిపించాడు. 19 ఏళ్ళ స్టీవీ వండర్, మహాలియా జాక్సన్, బి.బి. కింగ్, నీనా సిమోన్, స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్. నీనా సిమోన్ ఆగస్టు 17న పాడింది, అవతల వుడ్‌స్టాక్ జరుగుతున్న రోజుల్లోనే.

దీన్ని హాల్ టుల్చిన్ అనే అతను వీడియో టేపుల మీద తీశాడు. లైట్లకు డబ్బుల్లేక, సాయంత్రం ఎండ పాటగాళ్ళ మొహాల మీద పడేటట్టు వేదికను పడమటి వైపు తిప్పి కట్టించారు. అలా సుమారు 40 గంటల టేపు తయారైంది. కొంత భాగం ఆ ఏడాదే టీవీలో వచ్చింది. ఆ తర్వాత ఎవరూ కొనలేదు. 'బ్లాక్ వుడ్‌స్టాక్' అని పేరు పెట్టి అమ్మబోయినా కొనలేదు. యాభై ఏళ్ళు టేపులు మూలనపడి ఉన్నాయి. 2017లో టుల్చిన్ చనిపోయాడు. సినిమా ఆయన చూడలేదు.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, నేను కాగితం మీద రాసుకున్నది ఇంతవరకే. ఒకే ఏడాది, రెండు పండగలు. ఒకటి చరిత్ర అయింది, ఒకటి బొక్కసంలో పడింది, చూశారా వివక్ష, అని చెబుదామనుకున్నాను. అది నిజమే. కానీ సినిమాలో అంతకంటే పెద్ద సంగతి ఉంది. మూడోసారి చూస్తే గానీ నాకు పట్టుబడలేదు.

మొదటిసారి చూసినప్పుడు కొంచెం చిరాకేసింది. పాట మంచి ఊపులో ఉండగా ఎవరో ఒకరు వచ్చి మాట్లాడతారు. పాట వినిపించండయ్యా అనిపించింది. 'వుడ్‌స్టాక్' సినిమాలో పాటకు అంత అడ్డం ఉండదు. దానికి అవసరం లేదు. అది జరిగిందని లోకమంతా ఒప్పుకుంది. హార్లెమ్‌కు మాత్రం సాక్షులు కావాలి. అందుకే ఆ రోజు అక్కడున్నవాళ్ళను పిలిచి, కూర్చోబెట్టి, పాత వీడియో చూపిస్తూ వాళ్ళ మొహాలను చిత్రీకరించారు. ముసా జాక్సన్ అప్పుడు చిన్నపిల్లాడు. ఇన్నేళ్ళూ అతనికి ఆ పార్కు, ఆ జనం లీలగా గుర్తున్నాయి. కానీ ఎక్కడా ఆనవాలు లేదు. తెర మీద చూశాక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తన జ్ఞాపకం భ్రమ కాదని తెలిసిన మనిషి ఏడుపు అది. 'ఫిఫ్త్ డైమెన్షన్' బృందంలో పాడిన మారిలిన్ మెకూ కూడా తమ పాట చూసుకుంటూ తడబడుతుంది. వాళ్ళ పాట నల్లవాళ్ళ పాటలా లేదని వెక్కిరింపులు పడ్డవాళ్ళు వాళ్ళు. హార్లెమ్ జనం తమను సొంతం చేసుకున్న రోజు ఆమె కళ్ళ ముందు మళ్ళీ కనబడింది.

ఆ పండగలో దుఃఖం లేదని కాదు. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపి ఏడాది దాటిందంతే. ఆయనకు ఇష్టమైన 'ప్రెషస్ లార్డ్' పాటను మహాలియా, మేవిస్ స్టేపుల్స్ ఒకే మైకు ముందు నిలబడి పాడారు. పాట అనడం చిన్న మాట, గుండెలు చీల్చుకోవడం అది. కాపలాకు బ్లాక్ పాంథర్స్ నిలబడ్డారు. మూడేళ్ళ తర్వాత బొంబాయిలో మన దళిత్ పాంథర్స్ పేరు పెట్టుకున్నది వాళ్ళను చూసే. జూలై 20న మనిషి చంద్రుడి మీద దిగితే, పార్కులో జనం ఆ డబ్బుతో పేదల కడుపులు నింపొచ్చుగా అన్నారు. ఇన్ని ఉన్నా, కెమెరా జనం మీదికి తిరిగినప్పుడల్లా కనబడేది నవ్వులు, రంగురంగుల బట్టలు, నాన్నల భుజాల మీద పిల్లలు.

అప్పుడు ఆ చెల్లెలు అడిగింది: "అన్నా, మనవి ఎక్కడున్నాయి? మనం ఏడ్చినవి కాదు. ఆడి పాడినవి."

కారంచేడు, 1985 జూలై 17. చుండూరు, 1991 ఆగస్టు 6. వీటి మీద నా దగ్గర నిజనిర్ధారణ నివేదికలున్నాయి, కోర్టు కాగితాలున్నాయి, పేపరు కటింగులున్నాయి. ఎవరడిగినా పది నిమిషాల్లో తీసిస్తాను. అవి దాచడం మన బాధ్యత, దాచాం. కానీ ఆ పిల్ల అడిగినదానికి నేను నీళ్ళు నమిలాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

తొంభైల్లో ఒక ఏప్రిల్ 14 రాత్రి మా పల్లెలో తెల్లవార్లూ పాటలు. డప్పులు కాగబెట్టడానికి గడ్డి మంటలు, వీధి నిండా జనం. కూలి పని చేసి వచ్చిన ఆడవాళ్ళు కాళ్ళ నొప్పులు మర్చిపోయి ఆడారు. మా పెదనాన్న కొడుకు టేపు రికార్డర్ పెట్టి ఒక క్యాసెట్టు నిండా రికార్డు చేశాడు. పొరపాటున ఎవరూ చెరపకుండా క్యాసెట్టు పైనుండే చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేసి నాకిచ్చాడు. "జాగ్రత్తరా" అన్నాడు.

రెండేళ్ళ తర్వాత ఒక సభలో పెద్ద నాయకుడి ఉపన్యాసం రికార్డు చేయాలి. ఖాళీ క్యాసెట్టు లేదు. నేను ఆ కన్నాలకు కాగితం ముక్క అంటించి, ఈ క్యాసెట్టే పెట్టాను. "పాటలదేముంది, మళ్ళీ పాడుకుంటాం, మాటలు ముఖ్యం" అన్నాను. దాన్ని ఏ అగ్రకులమూ చెరపలేదు, ఏ టీవీ కంపెనీ కాదనలేదు. చెరిపింది నేనే. మన బాధే చరిత్ర, మన సంబరం కాలక్షేపం అని నేను కూడా నమ్మాను కాబట్టి చెరిపాను.

శనివారం రాత్రి ఇంటికొచ్చి అటక మీద వెతికాను. క్యాసెట్టు దొరికింది. నా చేతిరాతతోనే నాయకుడి పేరు, తేదీ ఉన్నాయి. మర్నాడు పెళ్ళి క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించే షాపు వెతుక్కుని తీసుకుపోయాను. రెండో వైపు ఉపన్యాసం చప్పట్లతో అయిపోయింది. ఆ వెంటనే టక్కుమని శబ్దం. తర్వాత డప్పు.

ఉపన్యాసం చేరని చోట నాలుగు నిమిషాల చిల్లర మిగిలింది. డప్పు, ఆడవాళ్ళ నవ్వులు, చివర్లో ఎవరో ఆడమనిషి "ఇంకోటి, ఇంకోటి" అని అరుస్తుంది. షాపు కుర్రాడు శబ్దం శుభ్రం చేయమంటారా అని అడిగాడు. వద్దన్నాను.

ఆ గొంతెవరిదో నాకు తెలియలేదు. ఈ నెలలోనే పల్లెకు పోయి, మిగిలిన పెద్దవాళ్ళను కూర్చోబెట్టి వినిపిస్తాను. ఎవరో ఒకరు గుర్తుపట్టకపోరు.

మీరు మాత్రం అప్పటిదాకా ఆగొద్దు. సెలవులకు ఇళ్ళకు పోతున్నారు కదా. అమ్మమ్మను, నాయనమ్మను, డప్పు కొట్టే పెదనాన్నను అడగండి. ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేయండి. ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ అన్నది మొదట్లోనే నోటితో చెప్పించండి. ఒక్క ఫోన్లోనే ఉంచకుండా ఇంకో ఇద్దరి దగ్గర దాచండి. వాళ్ళ కష్టం తప్పకుండా అడగండి. అడిగాక, పల్లె పల్లెంతా నవ్విన రోజు ఏదని కూడా అడగండి.

ఆ పల్లె సంగతి వచ్చే భాగంలో.

జై భీమ్.